రెడ్డెమ్మ సెలక్షన్

పుంగనూరు ఆవు పొట్టిది, పుంగనూరోడి మాట పొడుగు అంటారు చుట్టుపక్కల ఊళ్లలో. ఆవు సంగతి లోకానికంతా తెలుసు. మాట సంగతి తెలియాలంటే మాత్రం మైకుసెట్టు మునెప్ప పక్కన ఓ అరగంట కూర్చోవాలి.

పెళ్లయినా, జాతరయినా, చావయినా అప్పట్లో మునెప్ప మైకు గొట్టాలే కట్టేవారు. ఆయన గొట్టం కడితే పలమనేరు సంతలో ఎద్దులు చెవులు రిక్కించేవట. ఒకసారి హార్స్‌లీ హిల్స్ మీద ఏదో మీటింగుకు సెట్టు పెట్టి 'హలో' అన్నాడట. ఆ హలో కొండ దిగి, కురబలకోట మీదుగా మదనపల్లె పోయి, టమోటా మార్కెట్టులో ఒక చుట్టు తిరిగి, పొద్దుగూకేసరికి కాళ్లీడ్చుకుంటూ మళ్లీ కొండెక్కిందట.

"వచ్చినాక దానికి తాగేకి నీళ్లు గూడా ఇచ్చినా" అనేవాడు మునెప్ప, మూతి మీద నవ్వు అన్నది లేకుండా.

అంత నోరున్న మనిషికి దేవుడు చెవులు లేని పెళ్లాన్ని అంటగట్టి తమాషా చూశాడు. పుట్టు చెవుడు కాదు. పెళ్లయిన కొన్నేళ్లకు రెడ్డెమ్మకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఊరికే పోకుండా చెవులు రెండూ మూటగట్టుకుని పోయింది. పిల్లా పీచూ లేని ఇల్లు. మొగుడు అరిచి చెప్పినా ఒకటే, గొణిగినా ఒకటే. కానీ ఆమె గట్టిది. ఎదుటివాళ్ల మూతి చూసి మాట పట్టడం నేర్చింది. పదిమందిలో కూర్చుంటే, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వేది, అందరూ తలాడించినప్పుడు తానూ ఆడించేది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ విద్యంతా పుట్టింటి కోసం. ఆమెది కుప్పం అవతల గుడుపల్లె దగ్గర పల్లె. ఆమె తల్లికీ చెవుడే. ఆ ఊళ్లో తల్లిని పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు, 'చెవిటిది' అంటే చాలు. పిల్లకాయలు వెనకనుంచి వచ్చి రేకుడబ్బా మోగించి, ఆమె తిరక్కపోతే విరగబడి నవ్వేవాళ్లు. చిన్నప్పుడు రెడ్డెమ్మ ఒడినిండా రాళ్లు పోసుకుని వాళ్ల వెంట పడి కొట్టేది. తన చెవులూ పోయాయని తేలిన రోజు ఆమె ఏడవలేదు. మొగుడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"మా ఊర్లో తెలియగూడదు. మా అన్నకు గూడా తెలియగూడదు. మా అమ్మ పేరు నాకొద్దయ్యా."

మునెప్ప ఒట్టేశాడు. ఊరిమీద ఎన్ని కోతలు కోసినా ఆ ఒక్క ఒట్టును మాత్రం నిప్పుకణికను నాలుక కింద దాచుకున్నట్టు దాచుకుని తిరిగాడు.

తొంభై ఏడో ఎనిమిదో, అప్పుడు జరిగిందీ సంగతి. మదనపల్లె బస్టాండు సందులో రాజగోపాల్‌ది క్యాసెట్ల అంగడి. కావాల్సిన పాటలు చెబితే ఏరి ఒక క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. కొండమీద విడిది దిగిన తెల్లవాడొకడు ఒకనాడు అంగడికొచ్చాడు. నడుందాకా జడలు కట్టిన జుట్టు. టీ అంగడి ముందు కూర్చున్న ముసలమ్మ వాణ్ణి ఎవరో స్వామనుకుని కాళ్లకు దండం పెట్టి రూపాయి కూడా ఇచ్చిందట. వాడొక క్యాసెట్టు ఇచ్చి నకలు తీసిమ్మన్నాడు. అంగడికి వచ్చిన ఏ క్యాసెట్టుకైనా తనకొక నకలు తీసిపెట్టుకోవడం రాజగోపాల్‌కు కులవిద్య లాంటిది. దానిమీద 'ఫారిన్, మాటల్లేవు' అని రాసి పక్కన పెట్టాడు.

మునెప్ప ఆంప్లిఫయరు బాగు చేయించుకోవడానికి పోయినప్పుడు అది మోగుతోంది.

"ఏందన్నా ఇది? పాడేటోడు యాడ పోయినాడు?"

"దీన్ని డబ్ అంటారంట మునెప్పా. ఆ జడల దొర చెప్పినాడు."

"డబ్బింగు సినిమాదా?"

"నీ మొగం! ఉండే పాటలోనుంచి పాడేవాణ్ణి తీసి బయట నిలబెడతారంట. డోలూ, గిటారు లావు తీగా, అంతే మిగిలేది. నడాన ఒక్క మాట ఇడుస్తారు, అది దొర్లుకుంటా పొయ్యి బాయిలో పడతాది. ఒక్కోటి ఒక్కో ఊరోళ్లది. మంచివి ఏరి ఒకచోట చేర్చినారు."

"బయట నిలబడినోడికి కూలి ఇస్తారా, లేదా?"

రాజగోపాల్ నవ్వాడు. మునెప్ప నవ్వలేదు. వింటున్నాడు. నిజంగానే పాడేవాడు ఒక ముక్క పాడి, విస్తరి ముందునుంచి చెయ్యి కడుక్కొస్తానని లేచి మళ్లీ రాని చుట్టంలా మాయమయ్యాడు. వాడు పోయిన చోట ఖాళీ అలాగే ఉంది, దాన్ని ఎవరూ పూడ్చలేదు. ఆ ఖాళీ చుట్టూ లావు తీగ నిదానంగా తిరుగుతోంది. డోలు దెబ్బ ఒకటి పడి, అది ఇల్లంతా తడుముకుని తిరిగొచ్చేదాకా రెండో దెబ్బ ఓపిగ్గా కాచుకుంటోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మునెప్ప అరిచే సౌండుతోనే బతికాడు. కాళ్లు బార్లాచాపుకుని కూర్చునే సౌండును అదే వినడం. ఆంప్లిఫయరు సంగతి మరిచిపోయి, క్యాసెట్టు రెండువైపులా అయ్యేదాకా ఆ బల్లమీదే కూర్చున్నాడు.

ఇంటికి తెచ్చి మొదట మిద్దెమీది గొట్టంలో వేశాడు. 'చిక్కు చిక్కు' మని, 'తుస్సు' మని మూలిగింది. పక్కింటాయన బయటికొచ్చి, "ఏం మునెప్పా, గొట్టంలో తొండ దూరిందా?" అని అడిగాడు. గొట్టానికి గొంతే గానీ కడుపు లేదు. ఆ పాటకు కావాల్సింది కడుపు. రాజగోపాల్ అంగట్లో స్పీకర్లు కుండల మూతికి బిగించి ఉండేవి. ఆ రోజుల్లో సౌండు పిచ్చి ఉన్న వాళ్లంతా అలాగే చేసేవారు, కుండ కడుపులో పడి సౌండు లావెక్కుతుందని. మునెప్ప కురబలకోట పోయి, కుమ్మరి ముందర కూర్చుని, మందంగా రెండు కుండలు చేయించుకొచ్చాడు. స్పీకర్లు బిగించి, నడవలో రెండు మూలలా చుట్టకుదుళ్ల మీద పెట్టి, క్యాసెట్టు వేశాడు.

రెడ్డెమ్మ లెక్కలో ఇంట్లోకి కుండ వచ్చిందంటే దాంట్లో ఏదో ఒకటి పోయాల్సిందే. ఉలవల చాట చంకనపెట్టుకుని వచ్చి, కుండ ఎంత పడుతుందో చూద్దామని కడుపుమీద అరచెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. చాట వంగి, ఉలవలు నేలమీద జలజలా రాలుతున్నా చూసుకోలేదు.

"ఏమయ్యా, దీంట్లో ఎవురో నడస్తాండారే!"

మునెప్ప ఆమె ముందుకొచ్చి మూతి కనబడేట్టు నిలబడ్డాడు. "ఎవురు మే?"

"లావు మనిషి. ఆత్రం లేనోడు. యాడికీ పొయ్యే పని లేదు వానికి."

మునెప్ప చెవి పెట్టి విన్నాడు. అచ్చం అంతే. అంతకంటే సరిగ్గా ఆ పాట గురించి చెప్పడం ఆయన వల్ల కూడా కాదు, ఆయన అంత కోతల రాయుడయినా.

ఆనాటినుంచి దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ చెరొక కుండ దగ్గర చేరడం అలవాటయింది. ఆయన చెవితో, ఆమె అరచేతులతో. ఒక్కోసారి ఆమె చెంప ఆనించి కళ్లు మూసుకునేది. అప్పుడు ఆయన పాట వినడం మానేసి ఆమె మొహమే చూసేవాడు. పాటలకు ఆమె పేర్లు పెట్టింది. ఒకటి 'బురదలో ఎద్దు', ఒకటి 'గాలికి కొట్టుకునే తలుపు', మరొకటి 'వాన రాకముందుది'. ఒకనాడు ఆమెను పరీక్షిద్దామని ఎద్దు పాట వేసి తలుపు పాట అన్నాడు.

"కోతలు నీ మైకు ముందర కోసుకో, నాకాడొద్దు" అంది ఆమె. "ఇది ఎద్దు. కుడికాలు కుంటతాది సూడు."

నిజంగానే కుంటుతోంది. మునెప్ప అన్నిసార్లు విని కూడా అది కనిపెట్టలేదు.

ఇంకోనాడు ఆమే అంది, కుండ మీదనుంచి చెయ్యి తియ్యకుండానే. "ఇన్నేండ్లు ఊరికంతా ఇనిపించినావు. నాకిప్పుడు ఇనిపిస్తాండావు."

ఆమెకు నచ్చినవేవో మునెప్ప పోయి రాజగోపాల్‌కు చెప్పేవాడు. రాజగోపాల్ బంధువుల పిల్లవాడు బెంగుళూరు నుంచి అలాంటివే ఇంకా నిదానపువి, పెద్ద హోటళ్లలో మెల్లగా వేసేవి, సీడీల మీద పంపేవాడు. వాటిలోనుంచి నచ్చినవన్నీ ఏరి ఒక క్యాసెట్టు తయారుచేసి, దానిమీద ఎర్రసిరాతో 'రెడ్డెమ్మ సెలక్షన్' అని రాశాడు రాజగోపాల్.

"అక్కకు చెవి బాగుండాదే మునెప్పా! ఒక్క చెత్త గూడా లేదు దీంట్లో."

"దాని చెవి మాదిరి చెవి ఈ జిల్లాలోనే లేదన్నా" అన్నాడు మునెప్ప. నాలుక కింది నిప్పు చుర్రుమంది. మింగేశాడు.

అలా ఐదారేళ్లు గడిచాయి. ఈలోపు లోకంలోకి పెద్దపెద్ద పెట్టెల సెట్లు వచ్చాయి. లారీ నిండా నల్లటి పెట్టెలు, ఒక్కోటి గాదె అంత. గొట్టాలను పిలిచేవాళ్లు తగ్గారు. రెండువేల మూడులో కుప్పం గంగమ్మ జాతరకు అన్నదానం పందిరి దగ్గర సెట్టు పెట్టే పని వచ్చిందంటే, అది కుప్పంలో కాపురముంటున్న రెడ్డెమ్మ అన్న గోవిందప్ప కమిటీలో ఉండబట్టి. రెడ్డెమ్మ కూడా బయల్దేరింది. కుండలను గడ్డి చుట్టి టమోటా పెట్టెల్లో సర్దింది ఆమే.

"ఆడ వారం ఉండాల గదా. సాయంత్రం పూట ఊరికే యాల కూర్సునేది? మావాళ్లు అడిగితే సెట్టు సామాను అని చెప్పు."

టెంపోలో పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా ఒక పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది.

జాతరలో మునెప్ప పందిరికి ఎదురుగ్గానే కృష్ణగిరి నుంచి వచ్చిన పెట్టెల సెట్టు. అది మోగితే పందిరి గుంజలు వణికాయి. దాన్ని నడిపే కుర్రాళ్లు గొట్టాలను చూసి ఆటపట్టించారు.

"తాతా, నీ గొట్టం మా కోళ్లగూటికి ఇస్తావా?"

"ఇస్తా అబ్బోడా, ముందు మీ కోడి గుడ్డు పెట్టనీ. అరిసేది తప్ప ఏమీ కనపళ్లా" అన్నాడు మునెప్ప. నోరు నవ్వింది గానీ కడుపు మండింది. అరుపే సౌండనుకుంటారు వీళ్లు. నిజమైన సౌండు ఎట్లా ఉంటుందో వీళ్లకు తెలియదు. చూపిస్తా ఉండు అనుకున్నాడు.

గోవిందప్ప ఇంట్లోనుంచి కుండలు రెండూ తెచ్చి పందిరి అరుగు మీద పెట్టాడు. పెట్టెలవాళ్లు టిఫినుకు పోయిన సందు చూసి 'రెడ్డెమ్మ సెలక్షన్' వేశాడు. నాలుగు గోడల నడవలో పులిలా తిరిగిన సౌండు, ఆరుబయట జనంలో పిల్లిపిల్ల అయిపోయింది. కుండకు రెండు బారల దూరంలో కూడా ఏమీ వినపడలేదు. అన్నం వడ్డించే వాళ్లు పక్కనుంచి పోతూ, అది మోగుతోందని కూడా తెలియక, గరిటెలు దానిమీద పెట్టిపోయారు.

గోవిందప్ప వచ్చాడు. మంచివాడే, కానీ పదిమంది ఉంటే గొంతు పెరుగుతుంది.

"ఏం బావా, సెట్టుకు జలుబు చేసినట్టుండాదే! దగ్గు మాత్తర ఏమన్నా ఏస్తామా? అమ్మ పాట ఎయ్యప్పా, ఈ గుడగుడ యాల?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

మునెప్పకు తన కోతలకు ఎవరైనా నవ్వితే బాధ ఉండేది కాదు, నవ్వడానికే కదా కోసేది. ఈ పాటను చూసి నవ్వితే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. దాని గొప్ప చెప్పడానికి ఆయన దగ్గర వేరే సాక్ష్యం లేదు. ఉన్నది ఒక్కటే. మైకు చేతిలో ఉంది. మైకు చేతిలో ఉన్నప్పుడు మునెప్ప నోరు మునెప్ప మాట వినదు.

"అప్పా, అమ్మా, అందురూ ఇనండి! ఇది మామూలు గుడగుడ కాదు. పక్కన పిడుగు పడినా ఇనపడని మనిషి, ఏండ్ల తరబడి ఒక్క అక్షరం చెవిన పడని మనిషి, ఈ కుండమీద చెయ్యి పెడితే ఇంటాది! అబద్ధమైతే గంగమ్మ నా నాలిక కోసుకోనీ! ఎవురో కాదు, ఆడుండాది సూడండి. మా రెడ్డెమ్మ, మీ ఊరి ఆడబిడ్డ!"

పుట్టినప్పటినుంచీ మునెప్ప చెప్పినవి ఎవరూ నమ్మలేదు. ఈ ఒక్కటీ అందరూ వెంటనే నమ్మారు.

రెడ్డెమ్మ అవతల అంబలి గంగాళం దగ్గర తన ఊరి ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంది. మైకు అడ్డం ఉండటంతో మొగుడి మూతి ఆమెకు కనపడలేదు. కనపడిందల్లా ఒక్కటే, ఉన్నట్టుండి జనమంతా తనవైపు తిరగడం. కొందరు నోళ్లు తెరిచి, కొందరు నవ్వుతూ ఉన్నారు. మొగుడు తన గురించి ఏదో సరదా మాట చెప్పి ఉంటాడనుకుంది. ఇన్నేళ్ల అలవాటు. వాళ్లతో కలిసి తానూ నవ్వింది. తలాడించింది.

మునెప్ప ఆ నవ్వు చూశాడు. నోటికాడి మైకు ఇనుపగుండంత బరువైంది.

పిన్నమ్మ వరసావిడ ఒకామె రెడ్డెమ్మ వెనక్కి పోయి ఇత్తడి తాంబాళాన్ని గరిటెతో ఠంగుమని కొట్టింది. రెడ్డెమ్మ తిరగలేదు. ఇంకా నవ్వుతూనే ఉంది. పిల్లకాయలకు ఆట దొరికింది. ఒకడు రేకుడబ్బా తెచ్చాడు.

"అమ్మ మాదిరే!" అన్నారెవరో. "ఇది గూడా చెవిటిదేనంట!"

గోవిందప్ప జనాన్ని తోసుకుని చెల్లెలి ముందుకు పోయి, మూతి సాగదీసి, ఒక్కో అక్షరం నమిలి నమిలి అడిగాడు. "నీ-కు... చె-వు-డా?"

అప్పుడు తెలిసింది ఆమెకు. వెనక్కి తిరిగి రేకుడబ్బా పట్టుకున్న పిల్లవాణ్ణి చూసింది. తర్వాత జనం మీదుగా మొగుణ్ణి చూసింది. మునెప్ప మైకు కిందపెట్టి "మే..." అన్నాడు. ఆమె అప్పటికే తల తిప్పేసుకుంది.

ఆడవాళ్లు ఆమెను రెక్కలు పట్టుకుని అరుగు దగ్గరికి తెచ్చారు. రెండు చేతులూ కుండకు అదిమిపెట్టారు. 'వాన రాకముందుది' మోగుతోంది, ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది. అన్ని మూతులూ ఒక్కసారిగా అడిగాయి, "ఇనపడతాందా? ఇనపడతాందా?"

"లేదు" అంది రెడ్డెమ్మ. "ఏమీ లేదు దీంట్లో. ఉత్త కుండ."

అంతటితో అయిపోయి ఉంటే ఆ ఇంటి గుట్టు ఒక్కటే పోయేది. కానీ జాతర జనం కదా. ఒక ముసలమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "యాల పలకతాది? పసుపన్నా పెట్టకుండా అరుగుమీద గరిటెల పక్కన పెడితే అమ్మ పలకతాదా?"

అంతే. పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, వేపమండలు వచ్చాయి. నిమ్మకాయ కోశారు. ఎవరో కుండకు చీరముక్క కట్టి గాజులు పెట్టారు. ఆ తొక్కిసలాటలో తీగ ఊడి పాట ఆగిపోయింది. ఆగిన సంగతి మునెప్పకు తప్ప ఎవరికీ తెలియలేదు. చెవుడున్న మామను ఒక కోడలు లాక్కొచ్చి, చెవిని కుండకు ఒత్తి, "ఇనపడతాందా మామా, ఇనపడతాందా?" అని అరిచింది. మెడ నొప్పి భరించలేక ఆ ముసలాయన "ఇనపడతాంది, ఇనపడతాంది, ఇడుసమ్మా!" అన్నాడు. జనం గంగమ్మకు జై కొట్టారు. వెనక వరస కట్టారు.

జాతర అయ్యాక మునెప్ప కుండలు తీసుకోబోతే కమిటీ ఒప్పుకోలేదు.

"పూజ చేసిన కుండ కదలగూడదు బావా" అన్నాడు గోవిందప్ప. చీర కట్టని కుండ ఒక్కటే చేతికిచ్చాడు. ఆ రెండోది ఇప్పటికీ ప్రతి జాతరకూ బయటికొస్తుందట. దాంట్లో తీగ లేదు, పాట లేదు, ఎలుకలు స్పీకరు కాగితం కూడా కొరికేశాయి. అయినా ఏటా నలుగురైదుగురికి వినపడుతూనే ఉందట. మునెప్ప కోసిన కోతల్లో నిలబడింది అదొక్కటే.

తిరుగుదారిలో టెంపోలో రెడ్డెమ్మ కిటికీ వైపే చూసింది. ఈసారి ఒళ్లో పెట్టె లేదు. కుండను మునెప్పే పట్టుకున్నాడు.

ఇంట్లో ఆమె వంట మానలేదు, వడ్డన మానలేదు. "తిను" అనేది, "నీళ్లు తోడినా" అనేది. మానింది ఒక్కటే. ఆయన మూతి చూడటం మానేసింది. ఆయన ముందుకొచ్చి నిలబడితే కళ్లు వాల్చేది. పక్కకొస్తే పక్కకు తిరిగేది. ఒకసారి కాళ్ల దగ్గర కూర్చుని కిందనుంచి మొహంలోకి చూస్తూ, "తప్పు మే, తప్పయిపోయింది" అన్నాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది, ఆయన లేచి పోయేదాకా తెరవలేదు. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. ఆయనకున్నది నోరొక్కటే.

రాజగోపాల్ ఇంకో క్యాసెట్టు పంపాడు. "అక్క ఏమనింది? ఏరి చెప్పమను" అన్నాడు. మునెప్ప దాన్ని తనే విన్నాడు. బాగానే ఉంది. ఏది కుంటుతోందో, ఏది ఆత్రం లేకుండా నడుస్తోందో ఆయనకు పట్టుబడలేదు. పాటలు పాటల్లాగే ఉన్నాయి. ఏరడం చేతకాక క్యాసెట్టు అలాగే వెనక్కిచ్చాడు.

వానాకాలం మొదట్లో కురబలకోట పోయి ఇంకో కుండ చేయించుకొచ్చాడు. రెండు మూలలా రెండూ పెట్టాడు. దీపాలు పెట్టే వేళ అయింది. వంటింట్లో రెడ్డెమ్మ సంగటి గెలుకుతోంది, వీపు ఇటు. మునెప్ప 'వాన రాకముందుది' వేసి సౌండు చివరికంటా తిప్పాడు. నడవ అదిరింది. గూట్లో గాజుబుడ్డి వణికింది. వంటింటి పలకమీద పళ్లాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. నేల అంతా నిదానంగా, ఆత్రం లేకుండా ఊగుతోంది. ఆమెవి ఉత్తకాళ్లు.

సంగటి కట్టె ఆగింది.

మునెప్ప గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అరికాళ్లు నేలమీద ఒక్క క్షణం అలాగే ఆనుకుని ఉండిపోయాయి. వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి కూడా.

రెడ్డెమ్మ పలకమీది పళ్లాలు ఒక్కొక్కటీ తీసి కింద బోర్లించింది. మూలనున్న గోనెపట్ట తెచ్చి, రెండు మడతలు వేసి, చాలదనుకుందేమో ఇంకో మడత వేసి, పొయ్యి ముందు పరుచుకుంది. దానిమీదికెక్కి నిలబడి మళ్లీ కట్టె అందుకుంది.